కంటి ఒత్తిడి: ఒక్క అంకెతో తీర్పు చెప్పరాదు



మీ పత్రిక గత ఆదివారపు సంచికలో ప్రకటించిన నేత్రారోగ్య వ్యాసమున, కంటి ఒత్తిడి 21 (పాదరసపు మిల్లీమీటర్ల) లోపున నున్నవారు నీటికాసుల (గ్లాకోమా) వ్యాధిని గూర్చి చింతింప నక్కరలేదనియు, ఆ హద్దు దాటినవారికి వ్యాధి వచ్చినట్లే యనియు పాఠకులకు తోచునట్లు వ్రాయబడియున్నది. వ్యాసకర్త సదుద్దేశమును శంకించుట నా అభిమతము కాదు. కాని హెచ్చు ఒత్తిడి గల కన్నులతో చాలకాలముగా జీవించుచు, వైద్యులు చెప్పినదానిని శ్రద్ధగా విని, చెప్పనిదానిని అడిగి తెలిసికొన్నవాడనగుటచే, ఆ రెండు మాటలును సత్యమునకు దూరములే యనియు, మొదటిది లేని ధైర్యమును, రెండవది లేని భయమును కల్పించుననియు విన్నవించుకొనుచున్నాను.

కంటిలో నిరంతరము ఒక తేటనీరు ఊరుచుండును. అది కంటిపాప గుండ ముందుగదిలోనికి వచ్చి, ఐరిస్ అంచు కార్నియాతో కలియు మూలయందలి సూక్ష్మమైన వడపోత కణజాలము ద్వారా వెలుపలికి పోయి నెత్తురులో కలిసిపోవును. వాగునీరు వచ్చుచునే యుండగా తూము పూడిన చెరువులో కట్టపై భారము హెచ్చునట్లు, ఆ దారి మూసికొనిపోయినకొలది కంటిలో ఒత్తిడి పెరిగి, మెదడునకు చూపును కొనిపోవు నరముపై దాని బలము పడును. పదిలక్షల పైచిలుకు పోగులతో నేర్పడిన ఆ నరము కొందరిలో అధికమైన ఒత్తిడిని సైతము ఏండ్ల తరబడి సహించును. మరికొందరిలో సామాన్యమైన ఒత్తిడికే క్షీణించును. ఒకసారి నశించిన పోగు మరల చిగురింపదు. కావుననే చూడవలసినది ఒత్తిడి నొక్కదానినే కాదు, ఆ ఒత్తిడికి ఆ నరము ఎట్లు తాళుచున్నదో కూడ.

దీనికి నిదర్శనము లేకపోలేదు. ఒత్తిడి 24 నుండి 32 వరకు ఉండి నరము మాత్రము చెడని 1,636 మందిని అమెరికాలో రెండు భాగములు చేసి, ఒక భాగమునకు చుక్కల మందు వాడించి, రెండవ భాగమును మందు లేకుండ పరిశీలించి, 2002లో ఫలితములను ప్రకటించిరి. ఐదేండ్లలో మందు వాడనివారిలో నూటికి 9.5 మందికిని, వాడినవారిలో నూటికి 4.4 మందికిని వ్యాధి పొడసూపినది. మందు అపాయమును సగమునకు తగ్గించినదనుట ఎంత నిజమో, మందు లేకున్నను ఆ ఐదేండ్లలో నూటికి తొంబదిమందికి వ్యాధి రాలేదనుటయు అంతే నిజము. కార్నియా పలుచనగా నున్నవారికి అపాయము హెచ్చని తేల్చినదియు ఆ పరిశోధనయే. ఇక రెండవ వైపు చూచినచో, ఒత్తిడి ఎన్నడును 21 దాటకుండగనే నరము క్షీణించి చూపు పోగొట్టుకొనువారు మన దేశమున పెక్కుమంది కలరు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు 1996 నుండి 2000 వరకు ఆంధ్రప్రదేశమున జరిపిన సర్వేలో, నీటికాసులు బయల్పడినవారిలో పదింట తొమ్మిదివంతులకు పైగా, తమకా వ్యాధి కలదని అంతవరకు ఎరుగనివారే.

అసలు ఆ అంకె ఎట్లు పుట్టుచున్నదో తెలిసినచో దానినెంతవరకు నమ్మవలెనో తెలియును. కన్ను మొద్దుబారుటకు ఒక చుక్క వేసి, పసుపురంగు మందు తాకించి, గడ్డమును ఆనికపై ఉంచుమందురు. నీలి వెలుగుతో పరికరపు కొన కంటిని సమీపించి కార్నియాను మృదువుగా స్పృశించును. వైద్యునకు ఆకుపచ్చని రెండు అర్ధవలయములు కనబడును. వాని లోపలి అంచులు ఒకదానినొకటి తాకువరకు ఆయన ప్రక్కనున్న చక్రమును త్రిప్పి, నిలిచిన చోటి అంకెను చదువును. గోల్డ్‌మన్ పేరిట ప్రసిద్ధమైన ఈ పద్ధతి, సుమారు 520 మైక్రానుల మందము గల కార్నియాను ప్రమాణముగా గొని ఏర్పడినది. అంతకంటె పలుచని కార్నియాపై అంకె ఉన్నదానికంటె తక్కువగను, దళసరి కార్నియాపై ఎక్కువగను పడవచ్చును. ఊపిరి బిగబట్టినను, కంటిరెప్పలను గట్టిగా అదిమినను, బిగుతైన కాలరు మెడను నొక్కినను అంకె పెరుగును. ఉదయమున ఒకటి, సాయంకాలమున ఒకటి వచ్చుటయు కద్దు. ఇన్నిటికి లోబడిన అంకెను వేళయైనను వ్రాయక, కార్నియా మందమైనను కొలువక చీటీపై గిలికి యిచ్చుట ఎంతవరకు సమంజసము?

దృష్టి పరిధి పరీక్షను గూర్చియు ఒక మాట చెప్పవలెను. ఏలయన దానికి జంకి మానుకొన్నవారిని నేనెరుగుదును. ఒక కంటికి గంత కట్టి, తెల్లని అర్ధగోళము నడుమనున్న దీపముపై చూపు నిలిపి, చుట్టును ఎక్కడ వెలుగుచుక్క మెరసినను చేతిలోని మీట నొక్కుమందురు. చుక్కలు క్రమముగా మసకబారి, ఒకటి కనబడినట్లును, కనబడనట్లును తోచి, రోగి తన చూపు పోయినదని దిగులుపడును. కాని ప్రతి చోటను మన చూపు ఎంత మందమైన వెలుగును పట్టగలదో తెలిసికొనుటకే ఆ యంత్రము బుద్ధిపూర్వకముగా హద్దువరకు మసకబరచును. చాల చుక్కలు కనబడకపోవుట ఆ పరీక్షలో సహజము. ఈ సంగతి ముందుగా ఒక్క నిమిషము వివరించి చెప్పినచో ఎందరి భయమో తీరును. మొదటి పరీక్ష ఫలితము అలవాటులేమిచే తప్పుగా రావచ్చును గనుక మరల చేయింతురే గాని, అది రోగి అసమర్థతకు గుర్తు కాదు.

ఇట్లు ఒక్క అంకె చాలదు గనుక, నా అసలు వాదము ఈ పరీక్షల ఫలితములు ఎవరివద్ద ఉండవలెనను దానిని గూర్చియే. నేటి ఫలితమునకు నిన్నటి ఫలితముతో పోల్చినప్పుడే విలువ. నరము ఛాయాచిత్రముగాని, నరపు పోగుల పొర మందమును చూపు ఓసీటీ ముద్రణగాని, దృష్టి పరిధి పటముగాని రెండేండ్ల నాటిది ప్రక్కన లేనిదే వ్యాధి ముదిరినదో, నిలకడగా నున్నదో ఎంతటి నిపుణుడును నిశ్చయింపలేడు. అయినను పలుచోట్ల "ప్రెషర్ బాగానే ఉంది, ఆరు నెలలకు రండి" అన్న మాటతో రోగిని పంపివేయుదురు. కాగితములు ఆసుపత్రిలోనే ఉండిపోవును. కుమారుని ఉద్యోగము వెంట ఊరు మారిన వృద్ధుడు క్రొత్త వైద్యునివద్ద అంతయు మొదటినుండి ప్రారంభింపవలసివచ్చును. ఒత్తిడి, అది కొలిచిన వేళ, కార్నియా మందము, పైన చెప్పిన కంటిమూల తెరచియున్నదో ఇరుకైయున్నదో, నరము స్థితి, దృష్టి పరిధి పటము: వీనినన్నిటిని ప్రతి రోగికిని వ్రాసి యియ్యవలెను. కంటిమూల సంగతి ప్రత్యేకముగా ఏల అనినచో, అది ఇరుకైనవారికి జలుబునకై వాడు కొన్ని మందులవలన ఒత్తిడి హఠాత్తుగా విజృంభింపవచ్చును.

రద్దీలో ఇంత వ్రాయుటకు తీరిక ఎక్కడిదని వైద్యులనవచ్చును. అంకెలు చూచి రోగులు బెదరుదురని కొందరనవచ్చును. కాని పల్లెటూరి రైతు సైతము నేడు తన మూడునెలల షుగరు ఎంతో నోటితో చెప్పుచున్నాడు. బీపీ అంకెలు ఇంటింట వినబడుచున్నవి. కంటి విషయమున మాత్రమే మనవారు అజ్ఞానమున నుండవలెనా? పైగా ఫలితము కంటికి కానరాని మందును జీవితాంతము వాడుట దుష్కరము. చుక్క వేసినంతనే మంట పుట్టును. చూపు ఏమియు మెరుగుపడదు. నెలనెలా ఖర్చు తప్పదు. ఎందుకు వాడుచున్నాడో తన కాగితములలో తాను చూచుకొన్నవాడే మానక వాడును. ఉబ్బసము గలవారు ఆ సంగతి ముందే చెప్పవలెననియు, టిమొలాల్ వంటి చుక్కలు వారి ఊపిరికి హాని చేయుననియు, కన్ను ఎఱ్ఱబడినదని మందుల దుకాణమున కొని వేసికొను స్టెరాయిడ్ చుక్కలవలన ఒత్తిడి పెరుగవచ్చుననియు ఆ కాగితముపైననే అచ్చువేసినచో ఎంత మేలు!

ప్రభుత్వములకును ఒక మనవి. తెలంగాణమున 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరులో ప్రారంభమైన కంటివెలుగు పథకములు ఎందరికో కళ్లద్దములు సమకూర్చినవి, అందులకు కృతజ్ఞుడను. కాని నీటికాసులు సాధారణముగా నడిమి చూపును చిట్టచివరకు గాని తాకవు గనుక, గోడపైనున్న అక్షరములన్నిటిని తప్పులేకుండ చదివిన మనుష్యుడు సైతము ప్రక్కచూపును చాలవరకు కోల్పోయి యుండవచ్చును. ఇకమీదట జరుపు శిబిరములలో నలువది యేండ్లు దాటిన ప్రతివారిని, తల్లిదండ్రులలోగాని తోబుట్టువులలోగాని ఎవరికైనను నీటికాసులున్నవా యని అడిగి, ఉన్నవన్నవారికి ఒత్తిడితో పాటు నరమును కూడ పరీక్షించి, అనుమానము గలవారిని జిల్లా ఆసుపత్రికి వ్రాతపూర్వకముగా పంపు ఏర్పాటు చేయవలసినదని మీ పత్రికాముఖమున కోరుచున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి.