ఒకే ఇంట్లో రెండు ధరలు



మొన్న ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మెట్ల దగ్గర ఒక అక్క నన్ను ఆపి చేతిలో చిన్న కాగితం పెట్టింది. పాత కేలండరు షీటు చించి, వెనక పెన్నుతో రాసిన లెక్క అది. "200 × 9 = 1800. ఇ.బి." అంతే. సంతకం లేదు, తేదీ లేదు, మీటరు నంబరు లేదు.

"ఏందన్నా ఇది? రెండు నెలలకి ఇంత కరెంటు మేము కాల్చామా?" అని అడిగింది.

ఈ అక్కది నెల్లూరు జిల్లా. టి. నగర్‌లో నాలుగు ఇళ్లలో పని చేస్తుంది. కన్నమ్మపేట వైపు ఒక ఇంట్లో చిన్న పోర్షన్‌లో అద్దెకు ఉంటోంది. రెండు లైట్లు, ఒక ఫ్యాను, ఒక పాత ఫ్రిజ్జు, ఒక టీవీ. "అక్కా, మీరు కాల్చింది 200 యూనిట్లే. ఆ 200 యూనిట్లకు తమిళనాడులో ఇంటి కరెంటు ధర 235 రూపాయలు" అన్నాను. ఆమె నమ్మలేదు. నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది.

లెక్క చాలా సులువు. తమిళనాట ఇళ్లకు రెండు నెలలకోసారి బిల్లు వస్తుంది. 2016 నుంచి ప్రతి ఇంటికీ మొదటి 100 యూనిట్లు ఉచితం. 2024 జూలై నుంచి ఉన్న ధరల ప్రకారం తర్వాతి 100 యూనిట్లకు యూనిట్ 2 రూపాయల 35 పైసలు. అంటే 235. ఆమె దగ్గర అడిగింది 1800. ఏడు రెట్లకు పైగా.

కరెంటు మార్కెట్ అనగానే మన యువత అది షేర్లు కొనేవాళ్ల విషయమనీ, మన పెద్దలు అది ప్రభుత్వాల విషయమనీ అనుకుంటారు. కాదు. ఆ మార్కెట్ కథ ఈ కేలండరు కాగితం దాకా వస్తుంది. అదెలా వస్తుందో చూద్దాం.

2003లో విద్యుత్ చట్టం వచ్చింది. అప్పటిదాకా కరెంటు అంటే ఒక రాష్ట్ర బోర్డు తయారు చేసి, మోసుకొచ్చి, ఇంటికి ఇచ్చేది. ఆ చట్టం తర్వాత అది సరుకు కూడా అయింది. 2008లో కరెంటు ఎక్స్ఛేంజీలు మొదలయ్యాయి. ఇప్పుడు రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకూ ఒక ధర కడుతున్నారు.

కానీ దక్షిణాదికి చాలా ఏళ్లు ఈ సంతలో సమాన చోటు లేదు. మిగతా దేశమంతా ఒకే గ్రిడ్‌గా కలిసినా మన దక్షిణ గ్రిడ్ విడిగా ఉండేది. ఉత్తరాన కరెంటు చవకగా దొరికినా తెచ్చుకోవడానికి చాలినన్ని లైన్లు లేవు. లైన్లు నిండిపోయినప్పుడు అదే రోజు, అదే గంటకు, ఉత్తరాదికి ఒక ధర, దక్షిణాదికి అంతకంటే ఎక్కువ ధర పలికేది. 2012 నాటి చీకటి చెన్నై తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. నగరంలో రోజుకు రెండు గంటల కోత, జిల్లాల్లో పది పన్నెండు గంటలు. ఉస్మాన్ రోడ్డు పెద్ద దుకాణాల్లో జనరేటర్లు మోగుతుంటే, వెనక సందుల్లో పిల్లలు కొవ్వొత్తి దగ్గర చదువుకున్నారు.

2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైను ద్వారా దక్షిణ గ్రిడ్ దేశ గ్రిడ్‌తో కలిసింది. దేశమంతా ఒకే గ్రిడ్ అని పండగ చేసుకున్నాం. చేసుకోవాల్సిందే, అది మంచి పని. 2025 జూలైలో కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఇంకో అడుగు వేసింది. వేర్వేరు ఎక్స్ఛేంజీల్లో వేర్వేరుగా ధర తేలడం కాకుండా, అన్నిటినీ జోడించి ఒకే ధర తేల్చాలని నిర్ణయించింది. మర్నాడు ఒక ఎక్స్ఛేంజి షేరు పావు వంతుకు పైగా పడిపోయింది. ఆ రోజంతా టీవీల్లో అదే చర్చ.

సరే. దేశమంతటా ఒకే ధర కోసం ఇంత శ్రమ, ఇంత ఖర్చు, ఇంత చర్చ. మరి ఒకే ఇంటి గోడల మధ్య, ఒకే తీగ మీద వచ్చే కరెంటుకు యజమాని దగ్గర ఒక ధర, అద్దెకున్న అక్క దగ్గర ఇంకో ధర ఉంటే, దానిమీద ఏ టీవీలో చర్చ జరిగింది?

సంతలో నొప్పి పుడితే అది కిందికి ఎలా దిగుతుందో 2022లో చూశాం. ఉక్రెయిన్ యుద్ధంతో బొగ్గు ధర పెరిగింది. ఆ మార్చిలో ఎక్స్ఛేంజీలో ధర యూనిట్ 20 రూపాయల హద్దును తాకింది. ఏప్రిల్‌లో కమిషన్ ఆ హద్దును 12 రూపాయలకు, మరుసటి ఏడాది 10కి తగ్గించింది. ఆగస్టులో బకాయిలు కట్టలేదని 13 రాష్ట్రాలను ఎక్స్ఛేంజీలో కొనకుండా ఆపారు. ఆ జాబితాలో తమిళనాడు ఉంది, ఆంధ్రప్రదేశ్ ఉంది, తెలంగాణ కూడా ఉంది. తమిళనాడు పంపిణీ సంస్థ అప్పు అప్పటికే లక్ష కోట్లు దాటింది. సెప్టెంబరు 10న రాష్ట్రంలో చార్జీలు పెరిగాయి. తర్వాత ఏటా జూలైలో సవరణ అనే పద్ధతి వచ్చింది.

రాష్ట్రం చిన్న వినియోగదారుణ్ణి పూర్తిగా వదిలేయలేదన్నది నిజం. 100 యూనిట్లు ఉచితంగానే ఉంచింది. తక్కువ వాడేవాళ్లకు తక్కువ ధర, ఎక్కువ వాడేవాళ్లకు ఎక్కువ ధర అనే శ్లాబులు పెట్టింది. సంత నుంచి వచ్చే దెబ్బ పేదవాడికి తగలకుండా కట్టిన గోడ అది. కానీ ఆ గోడ మీటరు చుట్టూ కట్టారు, మనిషి చుట్టూ కట్టలేదు. మీటరు లేని మనిషి గోడ బయటే ఉండిపోయాడు.

ఒక ఇల్లు తీసుకోండి. నాలుగు పోర్షన్లు, ఒకే మీటరు. ఒక్కో కుటుంబం 200 యూనిట్లు వాడింది. నాలుగు మీటర్లు ఉంటే మొత్తం 940 రూపాయలు. ఒకే మీటరు కాబట్టి 800 యూనిట్లు ఒకరే కాల్చినట్టు లెక్క. పై శ్లాబుల్లో యూనిట్ 8 రూపాయల 40 పైసలు, 9 రూపాయల 45 పైసలు పడి బిల్లు 4770 అవుతుంది. నాలుగు పేద కుటుంబాలు కలిసి కాగితం మీద ఒక ధనవంతుడయ్యాయి! యజమాని యూనిట్ 9 రూపాయల చొప్పున వసూలు చేసేది 7200. బోర్డుకు రావాల్సినదానికంటే 3830 ఎక్కువ వచ్చింది. యజమానికి 2430 మిగిలింది. అక్కకు, ఆమెలాంటి మిగతా ముగ్గురికి, తలా 1565 రూపాయలు పోయింది.

ఇక్కడ ఇంటి యజమానులైన మన సహోదరులు ఒక మాట అంటారు. "మాకూ పై శ్లాబు పడుతోంది కదా, మేమెక్కడి నుంచి తెచ్చి కట్టాలి?" ఆ మాటలో సగం నిజం ఉంది. 4770 మీరు కల్పించింది కాదు. కానీ నాలుగు మీటర్లకు దరఖాస్తు పెట్టకపోవడం మీరు చేసిందే. 4770ని నాలుగుతో భాగించకుండా 9తో గుణించడం కూడా మీరు చేసిందే.

ఇంకో మాట: "మీటరు అద్దెదారు పేర ఇస్తే రేపు ఇల్లే తనదంటాడు." కరెంటు కనెక్షన్ ఇంటి హక్కు పత్రం కాదు. విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమాని గానీ, ఇంట్లో నివసిస్తున్నవారు గానీ అడిగితే కనెక్షన్ ఇవ్వడం పంపిణీ సంస్థ బాధ్యత. 2022 మే నెలలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. కరెంటు కనీస అవసరమనీ, యజమాని అభ్యంతరం లేదని రాసివ్వలేదన్న కారణంతో అద్దెదారుకు దాన్ని నిరాకరించకూడదనీ చెప్పింది. అదే చట్టం 12వ సెక్షన్ లైసెన్స్ లేనిదే కరెంటు వ్యాపారం చేయకూడదంటుంది. బోర్డు దగ్గర కొని లాభానికి అమ్మడాన్ని ఇంకేమని పిలవాలో మీరే చెప్పండి.

అనుమతి లేకుండా మేడ మీద వేసిన గదులకు కొత్త మీటరు తేలిగ్గా రాదు. నిజమే. అయితే ఆ శిక్ష కట్టినవాడికి పడాలా, కాపురమున్నవాడికి పడాలా?

ఇంతటితో ఆగితే పాత కథే. రాబోయేది ఇంకా ఉంది. స్మార్ట్ సిటీ పథకం కింద టి. నగర్‌లో లక్షకు పైగా స్మార్ట్ మీటర్లు బిగించారు. ఏ గంటకు ఎంత వాడామో ఆ మీటరుకు తెలుస్తుంది. 2023 జూన్‌లో కేంద్రం నియమాలు మార్చింది. ఎండ ఉండే గంటల్లో ధర 10 నుంచి 20 శాతం తక్కువ, అందరూ వాడే పీక్ గంటల్లో 10 నుంచి 20 శాతం ఎక్కువ ఉండాలని చెప్పింది. వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ నాటికి వర్తింపజేయాలని గడువు కూడా పెట్టింది.

సంత వైపు నుంచి చూస్తే ఇది తెలివైన పనే. సౌర విద్యుత్ పెరిగి మధ్యాహ్నం ఎక్స్ఛేంజీలో ధర అడుగంటుతోంది. చీకటి పడ్డాక ఎగబాకుతోంది. కాబట్టి పగలు వాడమంటున్నారు. మరి మన అక్క పగలు ఎక్కడ ఉంటుంది? ఆ చవక గంటల్లో ఆమె వేరేవాళ్ల ఇంట్లో వాషింగ్ మెషీన్ వేస్తుంది, వేరేవాళ్ల బట్టలు ఇస్త్రీ చేస్తుంది. తన ఇంటికి వచ్చేసరికి ఏడు. వంట అప్పుడే, పిల్లల చదువు అప్పుడే, ఫ్యాను అప్పుడే. తగ్గింపు ఆమె చేతుల మీదుగా యజమానురాలికి వెళ్తుంది. పెంపు ఆమె ఇంటికి వస్తుంది. అదీ సబ్ మీటరు మీదుగా వస్తే, పది శాతం పెంపు యూనిట్‌కు రెండు రూపాయలై వస్తుందని చెప్పడానికి ప్రవక్త కానక్కరలేదు.

2025 అక్టోబరులో కేంద్రం విద్యుత్ చట్ట సవరణ ముసాయిదా బయట పెట్టింది. ఉత్పత్తి పరిశ్రమలు, రైల్వేలు, మెట్రోలు చిన్న వినియోగదారుల కోసం మోస్తున్న క్రాస్ సబ్సిడీని ఐదేళ్లలో తీసేయాలన్నది అందులో ఒక ప్రతిపాదన. పరిశ్రమకు చవక కరెంటు కావాలన్న వాదనను నేను కొట్టిపారేయను. మన పిల్లల ఉద్యోగాలు అక్కడే ఉన్నాయి. కానీ వాళ్లు దించిన బరువు గాలిలో ఆగదు. ఎవరి భుజం మీద దిగుతుందో ముందే రాసిపెట్టమని అడగడం మన హక్కు.

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం మనకు కొత్త కాదు. సంచిలో పెద్దదొకటి చిన్నదొకటి రెండు తూనికరాళ్లు ఉంచుకోవద్దని, ఇంట్లో రెండు కొలతలు పెట్టుకోవద్దని అక్కడ ఆజ్ఞ ఉంది. చిన్నప్పుడు సండే స్కూల్లో అది కిరాణా కొట్టు షావుకారుకు చెప్పిన మాట అనుకునేవాళ్లం. ఈ రోజు మన గోడ మీద రెండు మీటర్లున్నాయి. ఒకటి బోర్డుకు చూపించేది, ఇంకొకటి అద్దెదారుకు చూపించేది. నేను ప్రభుత్వాన్ని అడిగే ముందు మన బెంచీల మీద కూర్చున్నవాళ్లనే అడుగుతున్నాను. ఇళ్లు అద్దెకిచ్చిన పెద్దలు మన సంఘాల్లో లేరా? గదులు, దుకాణాలు అద్దెకిచ్చే సంఘాలు లేవా? బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచి, ఇంటికెళ్లి అదే సహోదరికి తొమ్మిది రూపాయల చీటీ రాస్తున్నామా?

మనం ఉంటున్న ఈ పేట పేరు కూడా ఊరికే రాలేదు. త్యాగరాయ చెట్టి, పానగల్ రాజా ఇద్దరూ జస్టిస్ పార్టీ నాయకులు. ఒకరి పేరు నగరానికి, ఒకరి పేరు పార్కుకు పెట్టుకున్నాం. న్యాయం అన్న మాట ఇక్కడి పునాదిలోనే ఉంది. సందుల్లో ఎందుకు కనిపించదు?

చేయగలిగినవి చెప్పి ముగిస్తాను. ఇల్లు అద్దెకిచ్చినవారు ఈ నెలలోనే ప్రతి పోర్షన్‌కూ మీటరు అడగండి. అది వచ్చేదాకా అసలు బిల్లు గోడకు అంటించి, వచ్చిన మొత్తాన్ని వాడిన యూనిట్ల ప్రకారం పంచండి, ఒక్క రూపాయి కలపకండి. సంఘాల ఆస్తుల్లో కమిటీలు ముందుగా ఇది చేయాలి. యువతీ యువకులారా, మీకు ఆన్‌లైన్ దరఖాస్తులు తెలుసు, తమిళం చదవడం తెలుసు. మన అక్కలకు చాలామందికి అవి రావు. వాళ్లతో ఇ.బి. ఆఫీసు దాకా వెళ్లండి. ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది: రాయితీని మీటరుకు కాక కుటుంబానికి లెక్కించాలి. తక్కువ వాడే ఇళ్లను పీక్ గంటల పెంపు నుంచి తప్పించాలి.

ఆ అక్క కాగితం ఇంకా నా బైబిల్లోనే ఉంది. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మెట్ల దగ్గరే కూర్చుంటాం. ఇలాంటి చీటీలు ఎవరి దగ్గరున్నా తీసుకురండి. రాసినవారు కూడా రావచ్చు.