సీటు వచ్చింది సరే, రోజు ఎవరి చేతిలో ఉంది?



ఈ రాత్రి పది నిమిషాలు తీసుకుని ఒక పని చేయండి. తొమ్మిదో తరగతిలో ఉన్నా, ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నా, మీ అబ్బాయి లేదా అమ్మాయి నిన్నటి రోజును గంటల వారీగా ఒక కాగితం మీద రాయండి. ఎన్నింటికి లేచారు, ఏ సబ్జెక్టు చదివారు, ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు పడుకున్నారు, అన్నీ. ప్రతి పని పక్కనా అది ఎవరు నిర్ణయించారో కూడా రాయండి. బెల్లు, అమ్మ, టైంటేబుల్, లెక్చరర్, వార్డెన్, నాన్న అనే మాటలే కింది దాకా కనిపిస్తాయి. ‘తనే’ అని రాయాల్సి వచ్చిన చోట్లు ఎన్నో లెక్కపెట్టండి. చాలా ఇళ్లలో ఒక చేతి వేళ్లు సరిపోతాయి.

ఈ పద్ధతిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. జేఈఈ మెయిన్‌లో మూడు గంటల్లో 75 ప్రశ్నలకు కూర్చోగలగడం ఊరికే రాదు. దానికి క్రమం కావాలి, ఆ క్రమాన్ని పెద్దవాళ్లు కాపాడాలి. కానీ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ గదిలో సామాను దించి మీరు తిరుగు బస్సెక్కిన సాయంత్రమే ఆ కాగితం మీది పేర్లన్నీ ఒక్కసారిగా చెరిగిపోతాయి. లేపేవాళ్లు ఉండరు, పుస్తకం తీయమనేవాళ్లు ఉండరు, పడుకోమనేవాళ్లూ ఉండరు. మొదటి ఏడాది తడబడే పిల్లల్లో చాలామందికి తక్కువయ్యేది తెలివి కాదు, సొంత రోజును తామే నడుపుకునే అలవాటు అని నా అభిప్రాయం. ఆ అలవాటును కాలేజీలో సిలబస్‌లా ఎవరూ బోధించరు. అది ఇంటి నుంచి వెంట వెళ్లాలి.

అక్కడ ఏం మారుతుంది?

మొదట మారేది హాజరు. ఇక్కడ మీ పిల్లలు ఒక్క పూట రాకపోతే మీకు మెసేజ్ వస్తుంది. అక్కడ కొన్ని కాలేజీలు మెసేజ్ పంపినా, అబ్బాయి ఎందుకు రాలేదని గది తలుపు తట్టి అడిగేవాళ్లు ఉండరు. నిబంధన మాత్రం ఉంటుంది. ఉదాహరణకు జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్‌లో మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. సరైన కారణం చూపిస్తే 65 శాతం వరకు మినహాయింపు ఇవ్వవచ్చు. అంతకన్నా తగ్గితే సెమిస్టర్ పరీక్ష రాయనివ్వరు, డిటైన్ చేస్తారు. వారానికి ఐదు రోజుల చొప్పున 16 వారాలు క్లాసులు జరిగాయనుకుంటే 80 రోజులు. అందులో పాతిక శాతం అంటే 20 రోజులు. జ్వరానికి నాలుగు, దసరాకు ముందు వెనుక కలిపిన సెలవులు నాలుగు, ఇంట్లో పెళ్లికి మూడు, మిగతావి నిద్రకు. ఇరవై రోజులు ఇలాగే కరిగిపోతాయి.

రెండోది మార్కుల తీరు. అదే యూనివర్సిటీ ఆర్22 నిబంధనల ప్రకారం ఒక థియరీ సబ్జెక్టుకు 100 మార్కులుంటే అందులో 40 సెమిస్టర్ సాగుతుండగానే మిడ్ పరీక్షలు, అసైన్‌మెంట్లు వంటి వాటితో తేలిపోతాయి. మిగిలిన 60 చివరి పరీక్షకు. ‘ఆఖరి నెలలో కూర్చుని లాగేస్తాను’ అనుకునే పిల్లవాడు కూర్చునే సమయానికి ఆ 40 మార్కుల సంగతి దాదాపు ముగిసిపోయి ఉంటుంది. ఇక్కడ వీకెండ్ టెస్ట్ ఎప్పుడో మనమే గుర్తుచేస్తాం. అక్కడ నోటీసు బోర్డులో తేదీ ఉంటుంది, చూసుకోవడం వాళ్ల పని.

మూడోది చదువు స్వభావం. ఇన్నాళ్లూ నాలుగు ఆప్షన్లలో ఒకటి సరైనది, సాయంత్రానికి కీ వస్తుంది. బీటెక్ మొదటి ఏడాదిలో రాసిన ప్రోగ్రాం నడవకపోతే కీ ఉండదు. తప్పు ఎక్కడుందో తనే వెతుక్కోవాలి, లేదా పక్క గదివాడిని అడగాలి. మెటీరియల్ చేతికి రాదు, లైబ్రరీ నుంచి పాఠ్యపుస్తకం తెచ్చుకోవాలి. జవాబు పేజీల్లో రాయాలి, ల్యాబ్‌లో వైవాకు నోరు విప్పాలి. ఇవి కష్టమైనవి కావు, అలవాటు లేనివి. మా అమ్మాయికి ఇంత ర్యాంకు వచ్చింది, ఇదేం లెక్క అని మీరు అనుకోవచ్చు. ర్యాంకు తెచ్చిన అలవాట్లు వేరు, ఇక్కడ పనికొచ్చేవి వేరు.

నాలుగో మార్పు మనసుకు తగిలేది. ఏ మంచి కాలేజీ క్లాసులోనైనా కూర్చున్న 60 మందీ తమ తమ స్కూళ్లలో మొదటి వరుసవాళ్లే. ఆ 60 మందిని మళ్లీ వరుసలో నిలబెడితే 30 మంది కింది సగంలోనే ఉండాలి. ఇది కూడికల లెక్క, ఎవరి తప్పూ కాదు. కానీ ఆరో తరగతి నుంచీ సెక్షన్ ఫస్ట్ అనిపించుకున్న పిల్లకు మొదటిసారి 38వ స్థానం వచ్చిన రోజున ఈ లెక్క ఎవరూ ముందు చెప్పి ఉండకపోతే, తన విలువే పడిపోయిందనుకుంటుంది. ఇంటి నుంచి బయల్దేరే ముందే చెప్పండి.

ఒక సెమిస్టర్ ఎంత బరువు?

మొదటి ఫలితం చూసి ఇళ్లలో జరిగే గొడవకు ముందు ఒక చిన్న లెక్క వేయండి. బీటెక్ ఎనిమిది సెమిస్టర్లు. అన్నింటికీ సమానమైన క్రెడిట్లు అనుకుందాం. మొదటి సెమిస్టర్‌లో ఎస్‌జీపీఏ 6 వచ్చి, తర్వాతి ఏడింటిలో 8 చొప్పున వస్తే మొత్తం సీజీపీఏ 7.75. అంటే తడబడిన ఒక సెమిస్టర్ నాలుగేళ్ల చదువు నుంచి తీసుకునేది పావు పాయింటు. అదే తడబాటు దాచిపెట్టి, సర్దుకోకుండా, నాలుగు సెమిస్టర్లు సాగితే 7 దగ్గర ఆగుతుంది. దానికి బ్యాక్‌లాగులు తోడైతే క్యాంపస్ ఎంపికలకు వచ్చే చాలా కంపెనీల గడప దగ్గరే ఆగిపోవాలి. కాబట్టి భయపడాల్సింది మొదటి తడబాటుకు కాదు, అది ఇంట్లో చెప్పుకోలేని స్థితికి.

‘ఇప్పుడే వదిలేస్తే ర్యాంకు పోతుంది కదా!’

ఈ మాట మీలో చాలామంది అంటారు. న్యాయమైన సందేహమే. పరీక్షలు ముందున్న పిల్లల చేతికి రోజు మొత్తం ఇవ్వమని నేనూ అనను. నీళ్లలో దిగకుండా ఈత రాదు, అలాగని మొదటి రోజే నడి కాలువలోకి తోయం కదా. ఒడ్డున నడుము లోతు నీళ్లున్న చోటే మొదలుపెడదాం. మూడు పనులు చెబుతాను.

ఒకటి, రోజులో ఒక గంట, ఆదివారం ఒక పూట. ఆ సమయంలో ఏం చదవాలి, అసలు చదవాలా వద్దా అన్నది పిల్లలదే నిర్ణయం. మీరు అడగకూడదు, గదిలోకి తొంగిచూడకూడదు. మొదటి రెండు వారాలు ఆ గంట వృథా కావచ్చు. కానివ్వండి. రేపటి టెస్టులో దాని ఫలితం వాళ్లే చూసుకుంటారు. ఒక గంటను పాడుచేసుకుని బాగుచేసుకోవడం మీ కళ్ల ముందు నేర్చుకుంటే, రోజంతా ఖాళీగా చేతికొచ్చినప్పుడు కంగారు పడరు. అలారం కూడా వాళ్లదే. లేవకపోతే బస్సు తప్పిపోతుంది, ఒకసారి తప్పిపోనివ్వండి.

రెండు, డబ్బు. ఇంటర్ పిల్లలకు నెల మొదటి తేదీన కొద్ది మొత్తం ఇచ్చి రీచార్జి, పెన్నులు, చిరుతిళ్లు అన్నీ అందులోనే చూసుకోమనండి. 20వ తేదీకే అయిపోతే వెంటనే మళ్లీ పంపకండి. పది రోజులు ఇబ్బంది పడితే వచ్చే నెల లెక్క తనే వేసుకుంటుంది. హాస్టల్‌లో యూపీఐతో చెల్లింపు ఒక్క వేలి పని. డబ్బు ఎటు పోయిందో తెలియకుండా పోవడం అంతకన్నా తేలిక.

మూడు, వాళ్ల కాగితాలు వాళ్లే చూసుకోవడం. ఎంట్రన్స్ దరఖాస్తు, కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు చాలా ఇళ్లలో నాన్నో, బాబాయో, నెట్ సెంటర్ కుర్రాడో నింపుతారు. ఆ పక్కన పిల్లలు ఫోన్ చూస్తూ కూర్చుంటారు. ఈసారి మౌస్ వాళ్ల చేతికివ్వండి. మీరు పక్కన కూర్చుని తప్పు పోకుండా చూడండి, చాలు. ఏ కాలేజీ ముందు, ఏ బ్రాంచి ముందు అన్నది వాళ్లే వరుసలో పెట్టుకుంటే, రేపు కష్టం వచ్చిన రోజున ‘మీరే చేర్చారు’ అనే మాట రాదు. బ్యాంకు పని, ఆసుపత్రిలో ఓపీ చీటీ, రైలు టికెట్ కూడా అంతే. ఒక్కొక్కటి ఒక్కసారైనా ఒంటరిగా చేసి ఉండాలి.

ఈ మూడింటికీ రోజులో గంటకు మించి పట్టదు. ర్యాంకు దీనివల్ల పోదు.

కాలేజీలో చేరిన తర్వాత మన పని

ఏఐసీటీఈ కొత్త విద్యార్థులకు మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమాన్ని నిర్దేశించింది. పాఠాలు మొదలు కాలేదు కదా అని ఆ రోజుల్లో పిల్లల్ని ఇంటికి పిలిపించుకోకండి. స్నేహాలు కుదిరేదీ, ఏ పనికి ఎవరిని అడగాలో తెలిసేదీ అప్పుడే. సూరత్కల్‌లోనో, రూర్కెలాలోనో చేరిన పిల్లలకు తెలుగువాళ్ల జట్టు వెంటనే దొరుకుతుంది. మొదటి వారం ఆ జట్టు కొండంత అండ. అయితే నాలుగేళ్లూ అందులోనే ఉండిపోతే ఇంగ్లిష్, హిందీ మాట్లాడే అవసరమే రాదు. ఆవకాయ సీసా పంపండి, పక్క రాష్ట్రం రూమ్మేట్‌కు కూడా ఒక ముద్ద పెట్టమని చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం ఫోన్. రోజుకు నాలుగుసార్లు చేయడం కన్నా, వాళ్లకు వీలైన ఒక వేళ అనుకుని రోజుకు ఒకసారి చేయడం మంచిది. ‘తిన్నావా’ అని అడగండి, అది మన పలకరింపు. దాని వెనకే ‘మిడ్‌లో ఎన్ని వచ్చాయి, పక్కవాడికెన్ని’ అని అడగకండి. ఆ ప్రశ్న రోజూ వస్తే, బాగా లేని రోజున ఫోన్ ఎత్తరు. ఎత్తినా ‘బాగానే ఉంది’ అంటారు. ‘ఈ వారం ఏది అర్థం కాలేదు, ఎవరిని అడిగావు’ అని అడగండి. అడగడం తప్పు కాదని అందులోనే చెప్పినట్టవుతుంది. బయల్దేరే రోజున మాత్రం ఒక మాట స్పష్టంగా చెప్పి పంపండి: ‘సబ్జెక్టు పోయినా, డబ్బు పోయినా, ఎవరైనా ఇబ్బంది పెట్టినా ముందు మాకే చెప్పు. చెప్పిన రోజు తిట్టం.’ చెప్పడం సులువు, ఆ రోజు వచ్చినప్పుడు నిలబడటమే కష్టం. నిలబడాలి.

వదిలేయడం అంటే పట్టించుకోకపోవడం కాదు. ఫోన్ మాటలు పొడిపొడిగా మారినా, రాత్రంతా మేలుకుని పగలు పడుకుంటున్నా, తిండి తగ్గినా, దసరాకు అందరూ వచ్చినా తను రానన్నా, లేదా ప్రతి వారం వచ్చి వెళ్లనని ఏడ్చినా ఆగి వినండి. వీలైతే బస్సెక్కి వెళ్లి రండి. కాలేజీలో ఫ్యాకల్టీ మెంటర్ ఎవరో చేరిన మొదటి నెలలోనే తెలుసుకోండి. మనసు బాగా లేదనిపిస్తే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కు పిల్లలైనా, మీరైనా ఫోన్ చేయవచ్చు. ర్యాగింగ్ విషయంలో 2009 యూజీసీ నిబంధనల కింద విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ ప్రమాణపత్రం ఇస్తారు. దాన్ని చదవకుండా సంతకం పెట్టకండి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. ఈ రెండు నంబర్లూ పిల్లల ఫోన్‌లో మీ నంబర్ పక్కనే ఉండాలి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల షీటు మీ చేతికి వస్తుంది. దాని గురించి అడిగిన తర్వాత మా టీచర్లను ఇంకో ప్రశ్న కూడా అడగండి: ‘మా పిల్ల ఎవరూ చెప్పకుండా తనంతట తాను చేసే పని ఏదైనా ఉందా?’ మేం వెంటనే జవాబు చెప్పలేకపోతే, ఆ గంట ఎక్కడ దొరుకుతుందో మీరూ మేమూ అక్కడే కూర్చుని టైంటేబుల్‌లో వెతుకుదాం.