ఎకరం లెక్కన అమ్మి గజం లెక్కన కొంటున్నాం

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు లక్షల మంది జనం వస్తారు. జనం వచ్చే చోట నేలకు రేటు వస్తది. గుడి చుట్టుపక్కల ఒక రేటు, నందిగామ, జగ్గయ్యపేట పోయే రోడ్ల పక్కన ఒక రేటు, మునేటి వరద ఎక్కే పల్లంలో ఇంకో రేటు. 2014లో రాష్ట్రం చీలి, రాజధాని అమరావతి అనగానే కృష్ణకు ఇవతల కంచికచర్ల, నందిగామ మీదుగా హైదరాబాదు రోడ్డు పొడుగూతా ధరలు లేచాయి. 2019 చివర మూడు రాజధానుల మాట రాగానే చల్లబడ్డాయి. 2024లో ప్రభుత్వం మారగానే మళ్లీ లేచాయి. నేల ఉన్నచోటే ఉంది. మారిందల్లా కబురు.

చిన్న ఊళ్లలో భూమి వ్యాపారం అంటే కబురు వ్యాపారమే. రోడ్డు ఎటు పోతుందో, ఏ సర్వే నంబరులో ఏం వస్తుందో ముందు తెలిసేది ఎవరికి? మండలాఫీసులో కుర్చీ వేసుకుని కూర్చునేవాడికి, కాంట్రాక్టరుకు, పార్టీ నాయకుడికి. మాల మాదిగ పల్లెకు ఆ కబురు చేరేది హద్దురాళ్లు పాతిన తర్వాత. అప్పటికి పిల్ల పెళ్లికో, ఆసుపత్రి అప్పుకో మన అరెకరం చేయి దాటిపోయి ఉంటది.

ఊళ్లో ఒకే నేలకు మూడు ధరలు నడుస్తాయి. బ్రోకరు నోటి ధర ఒకటి. చేతులు మారే అసలు డబ్బు ఒకటి. సబ్‌రిజిస్ట్రారు పుస్తకంలో రాసేది ఒకటి. రిజిస్ట్రేషనుకు నూటికి ఏడున్నర రూపాయలు కట్టాలి గనక కొనేవాడు పుస్తకం ధరే రాయిస్తాడు, మిగతాది నల్లగా ఇస్తాడు. ఉన్నోడికి అది లాభం. రేపు రోడ్డుకో కాలవకో ప్రభుత్వం భూమి తీసుకుంటే, 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం లెక్కగట్టేది ఆ పుస్తకం ధర నుంచి, చుట్టుపక్కల రిజిస్టరైన దస్తావేజుల నుంచి. ఇవాళ ఆసామి తక్కువ రాయించుకున్న కాగితం రేపు మన పరిహారాన్ని కోస్తది.

ఇక గజాల లెక్క చూడండి. ఎకరం అంటే 4840 గజాలు. రోడ్లూ ఖాళీ స్థలమూ పోను సగానికి కాస్త పైన అమ్మకానికి మిగులుతుంది. ఉదాహరణకు ఎకరం 30 లక్షలకు ఇచ్చామనుకుందాం. వెంచరు వేసినవాడు 2500 గజాలు గజం 5 వేల లెక్కన అమ్మితే కోటీ పాతిక లక్షలు. ఖర్చులు తీసేసినా వాడి మిగులు మన అమ్మకం ధర కంటే ఎక్కువే. మనం ఆ 30 లక్షలూ పట్టుకుపోయి అదే నేలలో కొనాలంటే వచ్చేది 600 గజాలు. అంటే పన్నెండు సెంట్ల చిల్లర! అదీ ప్లాటు ఇస్తే. ఫలానా వాళ్లని తెలిసిన మరుక్షణం 'అన్నీ బుక్కయిపోయాయి' అనే వెంచర్లు లేవా? డబ్బుకు కులం లేదంటారు గానీ ప్లాటుకు ఉంది. 1968లో దొంగతనం మోపి కోటేశును సజీవంగా తగలబెట్టిన కంచికచర్ల ఈ రోడ్డు మీదే ఉందని మరిచిపోవద్దు.

మన చేతిలో ఉన్న భూమిలో చాలా భాగం డి.పట్టా భూమి. 1977 చట్టం దాని అమ్మకం చెల్లదంది. పేదవాడి భూమిని కాపాడాలని చేసిన చట్టం అది. బేరగాడు దాన్నే బెదిరింపుగా మార్చుకున్నాడు. 'నీ కాగితానికి విలువ లేదు, నేనే తెగించి కొంటున్నా' అంటాడు. సాదా కాగితం మీద వేలిముద్ర వేయించుకుని ధరలో సగం కోస్తాడు. అమరావతిలో జరిగింది చూశాం. అసైన్డు భూమికి పరిహారం రాదనే భయం పాకింది, భూములు తక్కువకు చేతులు మారాయి, తర్వాత వాటి మీద కేసులు నడిచాయి. నిజానికి అసైన్డు భూమికీ పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని మన హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే చెప్పింది. ఆ తీర్పు పల్లెకు చేరలేదు. భయం చేరింది.

2023లో చట్టం సవరించి, పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూమి మీద అసలు పట్టాదారుకూ వారసులకూ పూర్తి హక్కు అన్నారు. అక్రమాలు జరిగాయంటూ 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది. హక్కు మనకు కావాల్సిందే. మిగతా అందరి భూమికీ ఉన్న హక్కు మన భూమికి ఎందుకు ఉండకూడదు? కానీ ధర తెలియనివాడికి అమ్ముకునే హక్కు ఇస్తే అది కొనేవాడి హక్కే అవుతుంది. తమిళనాట 1892 నుంచి దళితులకిచ్చిన పంచమి భూములను మొదటి పదేళ్లు అమ్మకూడదు, ఆ తర్వాత దళితులకే అమ్మాలి. ఆ షరతు కాగితం మీదే ఉండిపోయి భూములు పరాయిపాలయ్యాయి. వాటిని తిరిగి అడిగినందుకు 1994లో చెంగల్పట్టు దగ్గర పోలీసు కాల్పుల్లో ఇద్దరు దళితులు చనిపోయారు. పోగొట్టుకున్న నేలను తిరిగి తెచ్చుకోవడం అంత ఖరీదు.

అందుకని అన్నలారా, అక్కలారా, బయానా పుచ్చుకునే ముందు నాలుగు పనులు చేయండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించి, పక్క చేలు ఎంతకు రిజిస్టరయ్యాయో చూడండి. అడంగల్లో పేరు ఎవరిదో, మన సర్వే నంబరు 22-ఎ నిషేధ జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. జీపీఏ కాగితంతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది కాబట్టి దాని మీద అమ్మనూ వద్దు, కొననూ వద్దు. పట్టా కాగితం ఎవరి చేతికీ ఇవ్వొద్దు. భూమిలోంచి బలవంతంగా వెళ్లగొడితే అది 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం, కేసు పెట్టండి. అమ్మక తప్పకపోతే ఒక్కడివే పోవద్దు. పక్కపక్క చేలవాళ్లంతా ఒకే మాట మీద, ఒకే ధర మీద కూర్చోండి. అరెకరం ఒంటరిగా ఉంటే బేరగాడు ధర చెబుతాడు. ఇరవై అరెకరాలు కలిస్తే ధర మనం చెబుతాం.