బాతుకు కాపలా ఎందుకంటే

చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. బాతుల్ని పెంచే ఇళ్లలో ఈ ధీమా కాస్త ఎక్కువే. పొద్దున్నే గూటి తలుపు తీసి చెరువు వైపు తోలేస్తే చాలు, చీకటి పడేలోగా వాటంతటవే వస్తాయని నిశ్చింతగా ఉంటాం. ఒకటి తగ్గితే ‘ఏ నక్కో పట్టుకుపోయి ఉంటుంది’ అని ఊరుకుంటాం. ఆ ఊరుకోవడం తప్పని నా అభిప్రాయం.

మస్కోవీ జాతిని పక్కన పెడితే, మన పెరటి బాతులన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతతే. మల్లార్డ్ ప్రమాదం పసిగట్టిందంటే నీటి మీంచి ఒక్కసారిగా నిటారుగా గాల్లోకి లేస్తుంది. మాంసం కోసం, గుడ్ల కోసం తరతరాలుగా మనం ఏరి పెంచిన బాతు అలా లేవలేదు. తెల్ల పెకిన్ అయితే ఒంటి బరువుకి గట్టెక్కడానికే ఆయాసపడుతుంది. దాని ఎగిరే దారి మూసింది మనం. అందుకే కాపలా కాయవలసిందీ మనమే.

ముందు పిల్లల సంగతి. గుడ్ల కోసం పెంచే జాతులు సరిగా పొదగవు కాబట్టి, బాతు గుడ్లు కోడి కింద పెట్టడం మన ఊళ్లలో మామూలే. తల్లి బాతు దగ్గర పెరిగే పిల్లల నూగుకి దాని ఈకల నూనె అంటుకుని నీరు ఇంకకుండా కాపాడుతుంది. కోడి కిందో ఇంక్యుబేటర్‌లోనో పుట్టిన పిల్లకి ఆ నూనె దొరకదు. దాని తోక మొదట్లో ఉండే నూనె గ్రంథి సరిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా చెరువులో వదిలితే నూగు నానిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది, ఈత వచ్చిన పిల్లే మునిగిపోతుంది. అంతవరకూ వెడల్పాటి పళ్లెంలో ముక్కు ముంచి కడుక్కునేంత నీళ్లు పోసి, దగ్గరుండి ఆడించి, తీసి వెచ్చగా ఆరనివ్వాలి. ఒంటి నిండా ఈకలొచ్చాకే చెరువు. బాతు పిల్లలు నీళ్లలోకి దిగితే గట్టు మీద కోడి తల్లి పడే ఆరాటం చూసి మనం నవ్వుకుంటాం గానీ, ఆ వయసులో దాని భయమే సబబు.

పెద్ద బాతుకి దిగడం తేలిక, ఎక్కడమే కష్టం. ప్లాస్టిక్ షీటు పరిచిన పంట కుంటలు, సిమెంటు తొట్లు, నిటారు గట్ల చేపల చెరువులు ఈ విషయంలో చాలా ప్రమాదం. కాలు నిలవక, అంచు వెంటే తిరిగి తిరిగి అలసి మునిగిపోతాయి. గరుకైన చెక్క పలకో వెదురు తడకో ఏటవాలుగా నీళ్లలోకి దించి కడితే చాలు. దీనికి ఖర్చు కూడా లేదు, అయినా చాలాచోట్ల కనిపించదు.

శత్రువులు నీటికి పైనా కిందా కూడా ఉంటాయి. గద్ద పిల్లల్ని తన్నుకుపోతుంది, పెద్ద కొరమేను కింద నుంచి లాగేస్తుంది, వీధికుక్కలు గట్టున కాపు వేస్తాయి. చీకటి పడితే నక్క, బావురుపిల్లి, నీటికుక్క. 1999లో అమెరికాలోని ఇండియానా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు మల్లార్డ్‌ల నిద్రను గమనించారు. వరుసలో చివరన పడుకున్నవి ఒక కన్ను తెరిచి, మెదడులో సగాన్ని మేల్కొలిపి ఉంచి నిద్రపోతాయని తేలింది. ఒంటరి బాతుకి అన్ని వైపులా చివరే. అందుకే ఒక్కదాన్ని ఎప్పుడూ పెంచకండి, నాలుగైదు ఉండాలి. రోజూ ఒకే వేళకి, ఒకే పిలుపుతో గూటి దగ్గర తవుడూ నూకలూ పెడితే సాయంత్రం పిలవగానే వస్తాయి. పొద్దున తొమ్మిది దాకా వదలకపోతే గుడ్లూ గూట్లోనే దక్కుతాయి.

ఇక నేను ఎక్కువ భయపడేది మనం పాడుచేసిన నీళ్ల గురించి. తెంపి పడేసిన గాలం తీగ కాలికి చుట్టుకుంటే బిగుసుకుంటూ పోతుంది. పురుగుమందు కొట్టిన చేల నీళ్లు బాతులు తిరిగే మురుగు కాలువలోకే వస్తాయి. ఎండాకాలం చెరువు ఇంకిపోయి, చచ్చిన చేపలు కుళ్లిన చోట బోట్యులిజం విషం పుడుతుంది. ఆ కుళ్లులోని పురుగుల్ని తిన్న బాతుకి కాళ్లు పడిపోతాయి, మెడ వాలిపోతుంది, తల ఎత్తలేక నీటిలోనే చనిపోతుంది. మెడ వాలిన బాతు కనిపిస్తే నాటు వైద్యంతో కాలయాపన చేయకుండా పశువైద్యుడికి చూపించండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962కి ఫోన్ చేయవచ్చు.

చలికాలం జాగ్రత్త వేరు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. పైకి ఆరోగ్యంగా కనిపించే బాతులు కూడా ఆ వైరస్‌ను మోయగలవు. కొల్లేరు, పులికాట్ పరిసరాల్లో వలస పక్షులు దిగే నెలల్లో పెంపుడు బాతుల్ని వాటితో కలవనివ్వకుండా ఇంటి తొట్టిలోనే ఆడించడం మంచిది. బాతులకీ, పక్కింటి కోళ్లకీ, మనకీ కూడా.

బాతులు లేనివాళ్లకీ ఒక విన్నపం. చెరువు గట్టున చచ్చిన చేపలు కనిపిస్తే పంచాయతీకి చెప్పి దూరంగా పూడ్పించండి. చిక్కుపడిన గాలం తీగను నీళ్లలోనే తెంపి వదిలేయకండి, చుట్టి ఇంటికి పట్టుకెళ్లండి.