గుర్రానికి సూది వైద్యం

పిల్లలూ! ఈగ వాలితే చాలు, గుర్రం అక్కడి చర్మాన్ని మాత్రమే గబగబా ఆడించి దాన్ని తోలేస్తుంది. అంత సున్నితం దాని చర్మం. అలాటి జంతువు వీపున పదీ పన్నెండు సూదులు గుచ్చితే తన్నకుండా వూరుకుంటుందా? చాలా గుర్రాలు వూరుకుంటాయి. కొన్నయితే తల వాల్చి, కింది పెదవి వేలాడేసి, నిలబడే కునికిపాట్లు పడతాయి!

ఇవి జ్వరం వచ్చినప్పుడు డాక్టరుగారు మీకు పొడిచే సూదులవంటివి కావు. వీటికి బెజ్జమూ లేదు, లోపల మందూ వుండదు. గుర్రం తోక వెంట్రుకకన్న కాస్త లావు, అంతే. ఈ వైద్యానికి ఆక్యుపంక్చర్ అని పేరు. దీని పుట్టిల్లు చైనా.

పూర్వం చైనాలో గుర్రాలు కుంటితే సైన్యం కుంటినట్టే. అంచేత అక్కడ గుర్రాలకంటూ ప్రత్యేకంగా వైద్యులుండేవారు. యూ బెన్‌యువాన్, యూ బెన్‌హెంగ్ అనే అన్నదమ్ములు తమ విద్యనంతా ఒక గ్రంథంగా రాశారు. అది 1608లో వెలువడింది. దాని పేరు ‘యువాన్ హెంగ్ లియావో మా జీ’. చూశారా, అన్నదమ్ములిద్దరి పేర్ల చివరి ముక్కలూ అందులో వున్నాయి! సూదులు ఎక్కడ గుచ్చాలో కూడా అందులో వున్నది.

ఈ రోజుల్లో చాలామంది పశువైద్యులు మనిషి ఒంటికి గీసిన పటాన్నే గుర్రానికి సరిపెట్టుకుంటారు. ఇక్కడే ఒక తమాషా వున్నది. మనిషి పటంలోని గీతలు కొన్ని వేళ్ల కొసలకు పోతాయి. గుర్రానికి కాలికి ఒకటే వేలు; ఆ వేలిగోరే గిట్ట! పటంలో ఒక గీత పేరు పిత్తాశయం. కోడిని కోసినప్పుడు చేదుకట్టు తీసేస్తారే, అదే. గుర్రానికి అసలు పిత్తాశయమే లేదు. అయినా ఆ గీత దాని ఒంటిమీద వున్నది! దీన్ని చూసి నవ్వేవారిని తప్పు పట్టలేం.

మరి గుణం కనిపిస్తుందా? 2002లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, సూదులగుండా కొద్దిపాటి విద్యుత్తు పంపి చూశారు. వెన్నుపామును ఆవరించి వుండే ద్రవంలో ఎండార్ఫిన్ పెరిగింది. అది శరీరం తనకు తానే తయారు చేసుకునే నొప్పి మందు. వెన్నునొప్పి తగ్గిందని చెప్పిన పరీక్షలున్నాయి, లాభం కనబడని పరీక్షలూ వున్నాయి.

నొప్పి తగ్గితే మంచిదేగా అంటారేమో! గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. పేగు మెలిపడితే లోపలిది పైకి రాదు, కిందికి పోదు. అది నేలమీద పొర్లుతుంది, డొక్కకేసి తిరిగి తిరిగి చూస్తుంది. నోరులేని జీవం తన బాధ చెప్పుకునే భాష అదే. కారణం తెలుసుకోకుండా నొప్పిని మాత్రం అణిచేస్తే, ఆ మాట కూడా మనకు వినబడదు. ఈలోగా పేగు లోపలే చచ్చిపోవచ్చు.

అందుకే ఎరిగిన వైద్యుడు ముందు సూది తియ్యడు. నాడి చూస్తాడు. నెమ్మదిగా నిలబడ్డ గుర్రానికి అది నిమిషానికి 28 నుంచి 44 వరకు కొట్టుకుంటుంది. బాధ ముదిరితే 60 దాటుతుంది. డొక్కకు చెవి ఆనించి పేగుల చప్పుడు వింటాడు. ముక్కులోంచి పొడుగాటి గొట్టం కడుపుదాకా దింపి, నిలవ వున్నదాన్ని బయటికి లాగుతాడు. మెలిక వున్నదని తేలితే వెంటనే ఆపరేషనే.