గోలీ వేళకు పడాలంటే దవాఖానా దగ్గరుండాలి

పార్కిన్సన్స్‌ను మన ఆరోగ్య వ్యవస్థ ఇప్పటికీ హైదరాబాద్ జబ్బుగానే చూస్తోంది. బోధన్‌లోనో, ఎడపల్లిలోనో, కోటగిరిలోనో ఒక మనిషికి చెయ్యి వణకడం మొదలైతే ఊళ్లో ఆర్‌ఎంపీ బలానికి సూది వేస్తాడు. భుజం పట్టేస్తే నిజామాబాద్‌లో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయిస్తాడు. నడక మందగించి, గొంతు సన్నబడి, ముఖంలో కదలిక తగ్గాక ఎవరో చెబితే 170 కిలోమీటర్లు దాటి నిమ్స్‌కో, ఏదైనా కార్పొరేట్ ఆస్పత్రికో వెళతారు. అక్కడ జబ్బు పేరు తెలుస్తుంది, చీటీ చేతికొస్తుంది. ఆ చీటీ పట్టుకుని ఇంటికి తిరిగొచ్చాక గడపాల్సిన పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో మాత్రం ఎవరి ఖాతాలోనూ లేవు. జబ్బును గుర్తించడం నగరంలో జరిగితే జరగనివ్వండి. దానితో బతుకు నడిపించే వైద్యం బీపీ, షుగర్ లాగే మండలంలో, పీహెచ్‌సీలో అందాలన్నది నా వాదన. ఇది జాలితో అంటున్న మాట కాదు. ఈ జబ్బుకు వాడే మందు పనిచేసే తీరే అలా అడుగుతోంది.

మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల వచ్చే జబ్బు ఇది. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీన్ని వర్ణించాడు. 1961లో వియన్నాలో రోగులకు తొలిసారి లెవోడోపా ఇచ్చి చూశారు. 1967లో అమెరికాలో జార్జ్ కాట్జియాస్ మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చి మంచి ఫలితాలు చూపించాక ఆ మందు నిలబడింది. ఇన్నేళ్లయినా దాన్ని మించింది రాలేదు. అయితే రక్తంలో దాని బలం గంట, గంటన్నరలోనే సగానికి పడిపోతుంది. జబ్బు కొత్తలో మెదడులో మిగిలిన కణాలు దాన్ని దాచుకుని కాస్తకాస్త వాడుకుంటాయి కాబట్టి రోజుకు మూడు గోలీలతో పని గడిచిపోతుంది. కొన్నేళ్లకు ఆ దాచుకునే శక్తి పోతుంది. ఇక రోజంతా గోలీ చెప్పినట్టే నడవాలి. వేసుకున్న అరగంటకో ముప్పావుగంటకో ఒళ్లు వదులవుతుంది, చొక్కా గుండీలు పెట్టుకోగలరు, జొన్నరొట్టె తుంచుకోగలరు. మూడు నాలుగు గంటలు తిరిగేసరికి మంచంలో ఒత్తిగిలడానికి కూడా ఇంకొకరి చెయ్యి కావాలి. గడప దగ్గరికొచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోతాయి. చిత్రమేమిటంటే, అలా ఆగిపోయిన మనిషే చాలాసార్లు కాళ్ల ముందు నేలమీద ఒక గీత గీస్తే దాన్ని దాటుకుంటూ నడిచేస్తారు. చూసేవాళ్లకు నాటకంలా ఉంటుంది. ‘ఇందాక మంచిగనే నడిచిండు గదా’ అన్న మాట ఈ జబ్బున్న వాళ్లు పడే బాధల్లో తక్కువదేమీ కాదు.

కాబట్టి ఇక్కడ మోతాదు ఎంత ముఖ్యమో వేళ అంత ముఖ్యం. ఆస్పత్రిలో ఉన్న పార్కిన్సన్స్ రోగికి లెవోడోపా తన వేళకు అరగంటకు మించి తేడా లేకుండా అందాలని బ్రిటన్‌లో నైస్ సంస్థ 2018లో ప్రమాణమే పెట్టింది. మన దగ్గర వేళ గురించి పట్టించుకునేది ఎవరు? మందుల షాపులో అలవాటుగా ‘తిన్నాక వేసుకో’ అంటారు. జబ్బు కొత్తలో, వికారం ఉన్నప్పుడు ఏదో కాస్త తిని వేసుకోవడం సరే. ముదిరాక మాత్రం పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రొటీన్ పేగుల్లో ఈ మందుతో పోటీపడుతుంది. తిండికి అరగంట ముందు వేసుకున్న గోలీకీ, పప్పన్నం తిన్న వెంటనే వేసుకున్న గోలీకీ మధ్య ఒక పూట నడక పోతుంది. గోలీల్లో 110, 125, 275 అని రకాలున్నాయి. మొదటి రెండింటిలో లెవోడోపా 100 మిల్లీగ్రాములే, తేడా కార్బిడోపాలో. మూడోదాంట్లో ఏకంగా 250. షాపులో ఒకటి లేదని ఇంకొకటి ఇస్తే, మెల్లగా కరిగే రకాన్ని మింగలేక నూరి వేసుకుంటే లెక్కంతా తారుమారవుతుంది. బోధన్‌లో రంజాన్ ఉపవాసాలుండే ఇళ్లు ఎన్నో. సహర్ నుంచి ఇఫ్తార్ దాకా గోలీ లేకుండా గడపవచ్చా, గడిపితే ఎలా అన్నది ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాల్సిన విషయం. ఎందుకంటే ఈ మందును ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు కొయ్యబారి, జ్వరం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఆర్నెల్లకోసారి హైదరాబాద్‌లో పది నిమిషాలు దొరికే డాక్టర్‌తో ఇవన్నీ ఎప్పుడు మాట్లాడతారు?

నిజామాబాద్ జిల్లాలో ఇంకో కోణం ఉంది. ఇక్కడ వేలాది ఇళ్లలో ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, వేళ్లతో దొర్లించి, మూతి మడిచి, దారం చుట్టే ఆ పనిలో కూలీ అంతా వేళ్ల వేగం మీదే. కూలీ వెయ్యి బీడీల లెక్కన. పార్కిన్సన్స్ సాధారణంగా ఒక పక్క చేతిలోనే మొదలవుతుంది. వణుకు కన్నా ముందు మందగింపు రావచ్చు, కొందరికి వణుకే రాదు. గుమస్తాకైతే రాత చిన్నదైపోవడం తెలుస్తుంది. బీడీలు చుట్టేవారికి తెలియాల్సింది సాయంత్రం లెక్కలో. కానీ లెక్క తగ్గితే వయసు మీద పడిందనుకుంటారు, నరాల బలహీనత అనుకుంటారు. వాసన తెలియకపోవడం, ఏళ్ల తరబడి మలబద్ధకం, నిద్రలో కేకలేసి కాళ్లూ చేతులూ విసరడం, కారణం లేని దిగులు చాలామందిలో వణుకుకు ఎన్నో ఏళ్ల ముందే మొదలవుతాయి. ఇవి చెప్పుకోవడానికి ఎవరూ నిమ్స్ దాకా వెళ్లరు. ఇంటికొచ్చే ఆశా కార్యకర్తకు చెబుతారు, ఆమె అడిగితే.

జిల్లాలో డెంగీ ఉంది, గుండెపోట్లున్నాయి, కొద్దిమందికి వచ్చే ఈ జబ్బు కోసం ఇంత హంగామా ఎందుకని అధికారులు అడగవచ్చు. కొద్దిమంది అన్నది అంత నిజం కాదు. 2016 నాటికి దేశంలో సుమారు 5.8 లక్షల మందికి పార్కిన్సన్స్ ఉన్నట్టు అంతర్జాతీయ అంచనా. 2019లో ప్రపంచంలో 85 లక్షలకు పైగా ఉన్నారని, పాతికేళ్లలో ఈ సంఖ్య రెట్టింపైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మనుషులు ఎక్కువ కాలం బతికేకొద్దీ ఇది పెరుగుతుంది. పురుగుమందులకూ దీనికీ ఉన్న సంబంధం చూసి ఫ్రాన్స్ 2012లో దీన్ని రైతుల వృత్తి వ్యాధుల్లో చేర్చింది. వరి, సోయా, చెరకు చేలల్లో ఏళ్ల తరబడి మందు కొట్టిన జిల్లాకు ఆ సంగతి పట్టదనలేం, అది వేరే వ్యాసం. ఇక ఖర్చంటారా? కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. కార్బిడోపా కలిపిన లెవోడోపా జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే. బీపీ, షుగర్ గోలీలు నెలనెలా ఇచ్చే ఏర్పాటు ఊళ్లలో ఇప్పటికే ఉంది. అదే సంచిలో ఇంకొన్ని పట్టీలు పడతాయి, అంతే.

రెండో అభ్యంతరానికి బలం ఎక్కువ. నరాల డాక్టర్లే పొరబడే జబ్బును పీహెచ్‌సీలో ఎంబీబీఎస్ డాక్టరు ఎలా సంభాళిస్తారు? నిజమే. వణికే ప్రతి చెయ్యీ పార్కిన్సన్స్ కాదు. వంశంలో వచ్చే మామూలు వణుకు వేరు. కళ్లు తిరుగుతున్నాయని నెలల తరబడి వాడే సిన్నరిజిన్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కొన్ని మానసిక వ్యాధుల మందులు అచ్చం ఇలాంటి లక్షణాలే తెస్తాయి, ఆపితే చాలావరకు తగ్గుతాయి. అందుకే గుర్తించే పని నిపుణులదే అంటున్నాను. ఆ తర్వాత చీటీలో ఉన్నది వేళకు అందుతోందా, లేచి నిలబడితే బీపీ పడిపోతోందా, మింగడం కష్టమవుతోందా, లేనివి కనిపిస్తున్నాయా అని నెలకోసారి చూసి రాయడానికి నిపుణులు అక్కర్లేదు. తేడా కనిపిస్తే ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవని ద్వారా పెద్ద డాక్టర్‌ను సంప్రదించవచ్చు. నిజామాబాద్‌లో 2013 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. దాని అనుబంధ ఆస్పత్రిలో నెలకో నిర్ణీత రోజు ఈ రోగుల కోసం పెడితే బోధన్ నుంచి పాతిక కిలోమీటర్ల ప్రయాణంతో సరిపోతుంది. ఫిజియోథెరపీ కూడా అక్కడే. 156 పరీక్షల్ని కలిపి చూసి 2023లో వెలువడిన కొక్రేన్ సమీక్ష, వ్యాయామం ఏ రకమైనా ఈ రోగులకు చాలావరకు మేలే చేస్తోందని తేల్చింది. అంటే దానికీ ఖరీదైన సరంజామా ఏమీ అక్కర్లేదు. మెదడులో తీగలు అమర్చే శస్త్రచికిత్స గురించి పేపర్లలో ఎక్కువ వస్తుంది. అది కొందరికే తగినది, లక్షల్లో ఖర్చు. పైగా ఆ తర్వాత కూడా సెట్టింగులు మార్పించుకోవడానికి పదేపదే వెళ్లాల్సిందే.

‘మనది పశ్చిమ దేశం కాదు, చూసుకోవడానికి ఇంట్లో మనుషులున్నారు’ అనేవాళ్లకు ఒకసారి బోధన్‌లోని శక్కర్‌నగర్ చూపించాలి. 1937లో మొదలై ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో లేఆఫ్‌తో మూతపడింది. ఆ ఫ్యాక్టరీ జీతాల మీద, దాన్ని నమ్ముకుని చెరకు వేసిన భూమి మీద బతికిన తరం ఇప్పుడు ముసలిదవుతోంది. కొడుకులు దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉన్నారు. ఇంట్లో మిగిలింది భార్యో కోడలో. ఆ ఒక్క మనిషి రాత్రి నాలుగుసార్లు లేచి పక్క మార్చి, పొద్దున గోలీ వేళ చూసుకుని, ఆ మధ్యలో బీడీలు చుట్టాలి. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే. కానీ గోలీ దిగిపోయిన వేళ బస్సు మెట్టెక్కించేది ఎవరు? కుటుంబం ఉంది కాబట్టి ప్రభుత్వం అక్కర్లేదనడం, కుటుంబంలో ఒక ఆడమనిషి కూలీని లెక్కలోంచి తీసేయడమే.

ఇంగ్లిష్ మందులెందుకు, దూలగొండి గింజల పొడి ఉంది కదా అనే మాట కూడా వినిపిస్తుంది. దూలగొండిని కొట్టిపారేయనక్కర్లేదు. ఆ గింజల్లో ఉన్నది లెవోడోపాయే, కంపవాతానికి మన వైద్యులు దాన్ని వాడారు. చిక్కల్లా అక్కడే. గోలీలో ఎంత మందుందో అట్ట మీద రాసి ఉంటుంది, పొడి చెంచాకో రకంగా ఉంటుంది. డాక్టర్‌కు చెప్పకుండా రెండూ కలిపి వాడితే ఒంట్లో మందు మితిమీరి, మెడా చేతులూ వాటంతటవే మెలికలు తిరగడం మొదలవుతుంది.

వేళతో మారే ఈ జబ్బుకు ప్రభుత్వం ఎక్కువ అన్యాయం చేస్తున్నది వికలత్వ సర్టిఫికెట్ దగ్గర. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో పార్కిన్సన్స్‌ను పేరుపెట్టి చేర్చింది. వికలత్వం కనీసం 40 శాతం ఉంటేనే పింఛను, మన రాష్ట్రంలో అది 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. సర్టిఫికెట్ క్యాంపుకు రావాలంటే మనిషి నడవాలి, నడవాలంటే గోలీ వేసుకోవాలి. గోలీ పనిచేస్తున్న ఆ గంటలో మెడికల్ బోర్డు ముందు చెయ్యి ఎత్తమంటే ఎత్తుతారు, నడవమంటే నడుస్తారు. ఆ గంటను చూసి వేసే శాతం రోజులో మిగతా గంటలకు వర్తించదు. మందు దిగిపోయినప్పటి స్థితిని కూడా నమోదు చేయాలని, దానికి పీహెచ్‌సీలో నెలనెలా రాసిన కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోవాలని బోర్డులకు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. మండలంలో వైద్యం నడవాలనడానికి ఇది ఇంకో కారణం. లేకపోతే ఆ కాగితమే ఉండదు.

ఈ మార్పులు వచ్చేదాకా ఇళ్లలో చేసుకోగలిగిన పని ఒకటుంది. మీ ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్లుంటే గోలీ పేరు, మోతాదు, వేళలు పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి ఆధార్ కార్డుతో కలిపి పెట్టండి. ఏ జ్వరానికో, విరిగిన ఎముకకో ఆస్పత్రిలో చేర్చినప్పుడు దాన్ని డ్యూటీ నర్సు చేతికివ్వండి. ఆపరేషన్ ఉందని గోలీలు ఆపమంటే, నరాల డాక్టర్‌ను అడిగి చెప్పమనండి. వాంతులకు సూది వేసే ముందు ఈ జబ్బు సంగతి గుర్తుచేయండి, మెటోక్లోప్రమైడ్ వద్దని గట్టిగా చెప్పండి.