కడుపు కొలతకు ఒక పూట హాజిరీ ఇవ్వాలి



బోనస్, మజూరీ, కరువు భత్యం గురించి రాసుకునే ఈ పేజీలో గర్భిణుల కడుపు కొలత గురించి రాస్తే కొందరు నవ్వుతారని తెలుసు. సెక్రటరీకి ఆడవాళ్ల సంగతులెందుకు అనేవాళ్లూ ఉంటారు. వాళ్లను ఒక్క మాట అడుగుతాను. మన షోలాపూర్ తూర్పు భాగంలో సాంచెలకు కండెలు చుట్టి ఇస్తున్నది ఎవరు? టవళ్ల అంచులు కుట్టి, మడత పెట్టి, కట్టలు కట్టేది ఎవరు? సాంచెలు మూతపడిన నెలల్లో బీడీలు చుట్టి పొయ్యి వెలిగించింది ఎవరు? అక్కచెల్లెళ్లే కదా. వాళ్ల ఒంటికి సంబంధించిన సంగతి కార్మిక సంగతి కాకుండా ఎట్లా పోతుంది?

మన వాడల్లో ఒక ఆడకూతురికి ఐదో నెలలోనే కడుపు కొంచెం పెద్దగా కనబడితే చాలు, నల్లా కాడ మాటలు మొదలవుతాయి. కవలలే అంటుంది ఒకామె. జంట అరటిపండు తిన్నావా అని అడుగుతుంది ఇంకొకామె. మా వంశంలోనే ఉందమ్మా, మా ఆయన తాతలు కవలలు అని అత్తగారు గొప్పగా చెప్పుకుంటుంది. కడుపు చిన్నగా ఉంటే దానికీ జవాబు తయారుగా ఉంటుంది: మొదటి చూలు, కడుపు బిగుతుగా ఉంటుంది, భయం లేదు. పెద్దదైనా చిన్నదైనా చూసి చెప్పడమే తప్ప కొలిచి చెప్పేవాళ్లు లేరు. పైగా కొలిస్తే దిష్టి తగులుతుందట! దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు ఉన్నాయి కానీ కొలవడానికి ఇంట్లో గజం టేపు లేదు.

మనం నేతపని వాళ్లం. కొలత లేకుండా మన చేతిలో ఏ పనీ జరగదు. నూలు నంబరు తూచి చెబుతాం. ఇంచుకు ఎన్ని పోగులో భూతద్దం పెట్టి లెక్కిస్తాం. చద్దర్ రెండు ఇంచులు తక్కువ వస్తే సేఠ్ మజూరీ కోస్తాడు. ఇంత కొలత తెలిసిన ఇండ్లల్లో, తొమ్మిది నెలలు మోసే కడుపును మాత్రం కంటి అందాజుకు వదిలేస్తున్నాం.

దవాఖానాలో నర్సమ్మ కొలిచే తీరు ఏమిటో మగవాళ్లు కూడా తెలుసుకోవాలి. నడుము చుట్టూ టేపు చుట్టడం కాదు. చుట్టుకొలతలో ఆమె కొవ్వూ కలుస్తుంది, గాలీ కలుస్తుంది. గర్భిణి మూత్రానికి వెళ్లి వచ్చి వెల్లకిలా పడుకోవాలి. పొత్తికడుపు కింద చేతికి తగిలే ఎముక పైఅంచు నుంచి గర్భసంచి పైకొన వరకు, కడుపు మీదుగా నిలువునా టేపు పెడతారు. దాన్ని సెంటీమీటర్లలో చదవాలి, ఇంచుల్లో కాదు. మూడో నెల చివరికి గర్భసంచి ఆ ఎముక దాటి పైకి చేతికి తగలడం మొదలవుతుంది. ఇరవై వారాలకు సుమారుగా బొడ్డు దగ్గరికి వస్తుంది. ముప్పై ఆరు వారాలకు పక్కటెముకల కిందికి చేరుతుంది. ఆ తర్వాత బిడ్డ తల కిందికి దిగితే కొలత కొంచెం తగ్గొచ్చు కూడా. ఇరవై నాలుగు వారాల తర్వాత లెక్క చాలా సులువు. ఎన్ని వారాలో సుమారుగా అన్ని సెంటీమీటర్లు ఉండాలి. రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ ఉంటే ఫరవాలేదు. ఇరవై ఎనిమిది వారాలకు ముప్పై రెండో ముప్పై మూడో వచ్చిందనుకోండి, ఎందుకో డాక్టరు చూడాలి. ఇరవై నాలుగే ఉంటే ఇంకా తొందరగా చూడాలి, లోపల బిడ్డ ఎదగడం లేదేమో. ఒక్కసారి కొలిచి ఊరుకుంటే ఏమీ తెలియదు. పోయిన నెలకూ ఈ నెలకూ ఎంత పెరిగిందన్నదే అసలు సంగతి.

కొలత ఎక్కువ వచ్చినంత మాత్రాన కవలలని సంబరపడకూడదు. మామూలుగా నూరు కాన్పులకు సుమారు ఒకటి కవలల కాన్పు. మిగతా పెద్ద కడుపులకు వేరే కారణాలుంటాయి. తల్లికి గర్భంలో షుగర్ వచ్చి బిడ్డ అతిగా పెరగవచ్చు. ఉమ్మనీరు ఎక్కువై ఉండవచ్చు. గర్భసంచిలో గడ్డ ఉండవచ్చు. అన్నిటికంటే మామూలు కారణం మాత్రం తేదీ తప్పు. మన ఆడవాళ్లు నెల తప్పింది ఎప్పుడంటే క్యాలెండర్ చూసి చెప్పరు. సిద్ధేశ్వర జాతర అయినంక అంటారు, మార్కండేయ రథం రోజున తలస్నానం చేసినట్టు గుర్తు అంటారు. ఆ లెక్కలో ఒక నెల అటో ఇటో పోయిందంటే టేపు ఎంత సరిగ్గా పెట్టినా జవాబు తప్పే వస్తుంది. అందుకే నెల తప్పిన పది పదిహేను రోజుల్లోనే ఆశా కార్యకర్త దగ్గర పేరు రాయించుకోవాలి. గోడ మీద క్యాలెండర్‌లో పాలవాడి లెక్కతో పాటు ఈ లెక్క కూడా గీసుకుంటే ఖర్చేముంది?

వంశం సంగతి కూడా చెప్పాలి, అత్తగార్లు కోపగించుకోవద్దు. ఒకే పోలికతో పుట్టే కవలలు వంశాన్ని బట్టి రారు. వేర్వేరు పోలికల కవలలకు తల్లి వైపు వంశం కొంత కారణం అవుతుంది. తల్లి వయసు ముప్పై ఐదు దాటినా, పిల్లల కోసం మందులు, వైద్యం చేయించుకున్నా ఆ అవకాశం పెరుగుతుంది. తండ్రి వైపు తాతలు కవలలైనంత మాత్రాన కోడలి కడుపులో ఇద్దరు పడరు. అరటిపండు ఏ పాపమూ ఎరుగదు.

కవలలు అవునా కాదా తేల్చేది స్కానింగే. అది కూడా మూడు మూడున్నర నెలల లోపు చేయిస్తే మేలు. ఇద్దరు ఉన్నారా అన్నది తర్వాత కూడా తెలుస్తుంది. కానీ ఇద్దరికీ మావి ఒకటేనా, వేర్వేరా అన్నది మొదట్లోనే బాగా కనబడుతుంది. ఒకే మావిని ఇద్దరూ పంచుకుంటే ఒక బిడ్డకు రక్తం ఎక్కువ, ఇంకో బిడ్డకు తక్కువ అందే ప్రమాదం ఉంటుంది. అలాంటి తల్లిని నాలుగో నెల నుంచి రెండు వారాలకోసారి స్కానింగుకు పిలుస్తారు. మావి వేరువేరైనా కవలల తల్లికి రక్తహీనత ఎక్కువ, రక్తపోటు ఎక్కువ, కాన్పు తర్వాత రక్తం పోయే భయం ఎక్కువ. కవలల్లో సగానికి పైగా ముప్పై ఏడు వారాలు నిండకముందే పుడతారు. ఇట్లాంటి కాన్పు రక్తమూ, ఆపరేషన్ వసతీ, నెల తక్కువ పిల్లలను పెట్టే గాజు పెట్టెలూ ఉన్న పెద్ద దవాఖానాలోనే జరగాలి. కుంభారి వసాహత్‌లో అర్ధరాత్రి నొప్పులు మొదలైనప్పుడు ఎక్కడికి పోవాలని ఆలోచించడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

పేరు రాయను, ఒక చెల్లెలి సంగతి చెబుతాను. అక్కల్‌కోట్ రోడ్డు వైపు ఒక షెడ్డులో కండెలు చుట్టేది. పన్నెండు గంటల పాళీ. ఆరో నెలకే కాళ్లు వాచినయ్. కడుపు చూసి అందరూ కవలలని వేళాకోళం చేసేవారు. ఆమె కూడా నవ్వేది. తనిఖీకి పోతే ఆ రోజు మజూరీ పోతుంది, మరునాడు ఆమె చర్ఖా మీద ఇంకొకరు కూర్చుంటారు. అందుకని ఒకేసారి పోయింది, అదీ మొదట్లో. ఎనిమిదో నెల నిండకుండానే పని మీదనే నొప్పులు వచ్చాయి. ఆటోలో చిన్న దవాఖానాకు తీసుకుపోతే మొదటి బిడ్డ పుట్టిన తర్వాత గానీ లోపల ఇంకో బిడ్డ ఉందని అక్కడివాళ్లకు తెలియలేదు. ఆ రెండో బిడ్డ దక్కలేదు. వాడంతా వేళాకోళంగా అన్నమాట నిజమే అయింది, అయినా దాన్ని ఒక కాగితం మీద రాసినవాళ్లు ఒక్కరూ లేరు. నెలనెలా టేపు పెట్టి ఉంటే ఆ అంకె ఐదారు వారాల ముందే అరిచి చెప్పేది.

ఆమెది అజ్ఞానం అని నేను అనను. అంకెలు ఆమెకు బాగానే తెలుసు. ఒక పూట పోతే ఎన్ని కండెలు పోతాయో, ఎన్ని రూపాయలు పోతాయో ఆమె వేసిన లెక్క సరైనదే. బీడీ చుట్టే అక్కల లెక్క కూడా అంతే. వెయ్యి బీడీలకు ఇంత అని కట్టినప్పుడు దవాఖానా వరుసలో నిలబడ్డ పొద్దుకు ఎవరూ పైసా ఇవ్వరు. గర్భంతో ఉండి రోజంతా ఒంగి కూర్చుని తంబాకు దుమ్ము పీల్చడం మంచిది కాదని డాక్టరు చెబుతాడు. కూర్చోకపోతే అన్నం ఎట్లాగో చెప్పడు. కాబట్టి తనిఖీకి వెళ్లిన పూట హాజిరీ కట్టాలని, ఆ మజూరీ యాజమాన్యమే ఇవ్వాలని నేను అంటున్నాను. మొత్తం గర్భంలో కనీసం నాలుగు తనిఖీలు ఉండాలని ప్రభుత్వమే చెబుతోంది. నాలుగు పూటలు! సేఠ్ గారి షెడ్డులో కరెంటు పోయి నిలిచిపోయే పూటలు నెలలో అంతకంటే ఎక్కువ. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ దవాఖానాల్లో గర్భిణులకు డాక్టరు తనిఖీ ఉచితంగా జరుగుతోంది. ఆ ఒక్క తేదీకి గర్భిణి కార్మికురాలికి ఒంటిపూట సెలవు ఇస్తే ఏ సాంచా ఆగదు.

ఇక చట్టం. 1961 ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతం సెలవు ఇచ్చారు. అందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించి తీసుకోకూడదు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవే వారాలు ఉన్నాయి. ముందు ఏడాదిలో 80 రోజులు పని చేసి ఉంటే హక్కు వస్తుంది. ఇది కాగితం మీది మాట. మన షెడ్లలో తమ్ముడి పేరున నాలుగు సాంచెలు, భార్య పేరున నాలుగు సాంచెలు రాసి, ఎక్కడా పదిమంది లేరని చూపించి ఇ.ఎస్.ఐ. ఎగ్గొట్టే సంగతి మనందరికీ తెలిసిందే. హాజిరీ పుస్తకంలో పేరే లేని మనిషి 80 రోజులు ఎట్లా రుజువు చేస్తుంది?

ఈ చట్టంలో కవలల తల్లికి జరిగే అన్యాయం ఒకటి ఉంది. దాని గురించి పెద్ద యూనియన్లు కూడా మాట్లాడటం లేదు. ఇద్దరు పుట్టినా సెలవు అదే 26 వారాలు, ఒక్క రోజు ఎక్కువ లేదు. ఆ పిల్లలిద్దరూ బతికి ఉండి ఆమె మళ్లీ గర్భవతి అయితే, ఆమెకు అప్పటికే ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి 12 వారాలే వస్తాయి. ఆమె కన్నది ఒక్కసారే. చట్టం పిల్లల తలలు లెక్కపెట్టింది, తల్లి కాన్పులు లెక్కపెట్టలేదు. పాలివ్వడానికి పనివేళల్లో ఇచ్చే రెండు విరామాలూ అంతే, ఒక బిడ్డకైనా ఇద్దరికైనా రెండే. సెలవుకు కాన్పును లెక్క పెట్టాలి, కవలలైతే వారాలు పెంచాలి. ఈ మాట మన మహాసభ తీర్మానంలో ఉండాలని నా అభిప్రాయం. ఉన్న చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంది, అది మాత్రం వదులుకోవద్దు. గర్భం వల్ల జబ్బు చేసినా, నెల తక్కువ కాన్పు అయినా డాక్టరు కాగితంతో ఇంకో నెల వరకు జీతంతో సెలవు అడగవచ్చు. కవలల తల్లులకు చాలామందికి ఇది పనికొస్తుంది.

మనలో చాలామంది మొదటి కాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో నల్లగొండకో కరీంనగర్‌కో పుట్టింటికి పంపుతారు. సీమంతం చీర పెట్టెలో సర్దుతారు, గాజులు సర్దుతారు. తల్లీబిడ్డ కార్డు మాత్రం షోలాపూర్ ఇంట్లో దేవుడి పటం వెనుక మిగిలిపోతుంది. అక్కడి డాక్టరు మళ్లీ మొదటి నుంచి అడుగుతాడు. కార్డు మరాఠీలో ఉంటే అక్కడ ఎవరు చదువుతారు అంటారు కొందరు. వారాలు, సెంటీమీటర్లు, బీపీ, రక్తం శాతం, ఇవన్నీ అంకెలే కదా. తెలుగు డాక్టరైనా మరాఠీ డాక్టరైనా అంకెలు చదవగలడు. పై వరుసలో ఏ నెలలో ఎంత ఉందో కనబడితే ఆయన మిగతాది ఊహించుకోగలడు.

మగవాళ్లకు కూడా ఒక మాట ఉంది. కవలలని స్కానింగులో తేలగానే, ఇద్దరిలో ఒక్కడైనా మగపిల్లవాడేనా అని డాక్టరు చెవిలో అడిగే అలవాటు మనలో కొందరికి ఉంది. 1994 చట్టం ప్రకారం అడిగేవాడూ నేరస్థుడే, చెప్పేవాడూ నేరస్థుడే. అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. మావి ఒకటా రెండా, రక్తం ఎంత శాతం ఉంది, ఏ దవాఖానాలో కనాలి, మళ్లీ ఎప్పుడు రావాలి. ఇవి అడగడానికి భర్త కూడా ఒక పాళీ మానుకుని పక్కన నిలబడితే అవమానమేమీ కాదు.

9వ తేదీ ఒంటిపూట హాజిరీ కోసం యూనియన్ పక్షాన వినతిపత్రం తయారవుతున్నది. ఏ షెడ్డులో గర్భిణి చెల్లెళ్లు ఎందరున్నారో, వాళ్ల పేర్లు బయటపెట్టకుండా, సంఖ్య మాత్రం పాళీ ప్రతినిధులు ఆదివారం లోపు ఆఫీసులో రాయించాలి. కార్డులో కడుపు కొలత గడి ఖాళీగా ఉన్నవాళ్లు కార్డు తీసుకుని వస్తే, మన మహిళా కమిటీ అక్కలు వెంట వచ్చి దవాఖానాలో ఆ గడి నింపిస్తారు.